బీచ్ రోడ్డు ఉంది, బీచ్ ఏదీ? పుదుచ్చేరి చెబుతున్న ఇసుక లెక్క

పుదుచ్చేరి వెళ్లినవాళ్లు సాయంత్రం పూట బీచ్ రోడ్డులో నడవకుండా తిరిగి రారు. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్, ఫ్రెంచివారి కాలం నాటి భవనాలు దాటుకుంటూ సముద్రం పక్కనే సాగే ఆ నడక ఊరికే పెద్ద ఆకర్షణ. కానీ దాదాపు పాతికేళ్ల పాటు ఆ రోడ్డుకు పేరులోనే బీచ్ ఉండేది. కిందికి చూస్తే పెద్ద పెద్ద నల్లరాళ్లు, వాటిని కొడుతున్న అలలు, అంతే. ఇక్కడ ఇసుకలో ఆడుకున్నామని ఇంట్లో పెద్దవాళ్లు చెబితే, 1990ల తర్వాత పుట్టిన పిల్లలకు అది ఏదో పాతకాలపు కథలా వినిపించేది.

2018లో ఆ రాళ్ల ముందు మళ్లీ ఇసుక కనిపించింది. కొన్ని నెలల్లోనే జనం దిగి నడిచేంత మేర పరుచుకుంది. మన దేశంలో పోయిన బీచ్‌ను ఇలా తిరిగి రప్పించిన సందర్భాలు చాలా తక్కువ. దాని వెనక ఒక ఇంజనీరింగ్ ప్రయోగం ఉంది. దానికి ముందు, పదేళ్లకు పైగా పట్టు వదలకుండా వెంటపడిన పౌరుల బృందం ఉంది. ఇంతకీ బీచ్ ఎందుకు పోయింది, ఎలా వచ్చింది, వచ్చింది నిలబడాలంటే ఏటా ఎవరు ఖర్చు పెట్టాలి? మొదటి రెండు ప్రశ్నలకు భౌతికశాస్త్రం జవాబు చెబుతుంది. మూడోది అంత తేలిగ్గా తేలేది కాదు.

నడిచే ఇసుక

బీచ్ అంటే ఒక చోట పడి ఉన్న ఇసుక అని మనం అనుకుంటాం. నిన్న కాలు పెట్టిన చోట ఈ రోజు కూడా ఇసుకే ఉంటుంది కాబట్టి అలా అనిపించడం సహజం. అయితే అది నిన్నటి ఇసుక కాదు. నదిని చూసి నిన్నటి నీళ్లే ఇవి అని ఎవరూ అనుకోరు కదా, బీచ్ కూడా అలాంటిదే. కాకపోతే నది కంటే చాలా నెమ్మది.

తీరం దగ్గర నిలబడి ఒక అలను గమనిస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. అల సాధారణంగా ఒడ్డుకు నేరుగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. వచ్చేటప్పుడు ఇసుక రేణువులను ఆ ఏటవాలు దారిలోనే పైకి తోస్తుంది. తిరిగి వెళ్లే నీటికి మాత్రం ఒడ్డు వాలే దిక్కు, అది రేణువును తిన్నగా కిందికి లాగుతుంది. ఒక అల వచ్చి వెళ్లేసరికి రేణువు తీరం వెంబడి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. మరో అల, మరో జరుగు. ఎనిమిది తొమ్మిది సెకన్లకొక అల చొప్పున రోజుకు సుమారు పది వేల అలలు. నీటిలో తేలుతూ, తీరానికి సమాంతరంగా పారే ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే ఇసుక దీనికి అదనం.

మన తూర్పు తీరంలో ఈ నడకకు ఒక దిక్కు ఉంది. నైరుతి రుతుపవనాల కాలంతో కలిపి ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దక్షిణం వైపు నుంచి వస్తాయి, ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొన్ని నెలలు మాత్రం దిశ మారి కొంత ఇసుక దక్షిణానికి వెనక్కి వస్తుంది. రెండూ పోను, పుదుచ్చేరి తీరంలో ఏటా సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరం వైపు సాగిపోతుందని ఇంజనీర్ల అంచనా. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లలో నింపితే ఏడాదికి 50 వేల లోడ్లు. ఆదివారాలూ పండుగలూ లేకుండా, రోజుకు 137 లారీలు ఊరి ముందు నుంచి ఉత్తరానికి వెళుతున్నట్టు. ఎన్ని వెళుతున్నాయో అన్ని దక్షిణం నుంచి వస్తున్నంత కాలం బీచ్ కదలనట్టే కనిపిస్తుంది.

1980ల చివర్లో ఆ లారీలు ఆగిపోయాయి.

అడ్డుగోడకు అటూ ఇటూ

ఊరికి దక్షిణాన అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట హార్బర్ కట్టారు. పడవలు లోపలికి వచ్చే దారిలో అలలు లేకుండా, ఇసుక పూడకుండా ఉండేందుకు సముద్రంలోకి రెండు బ్రేక్‌వాటర్లు, అంటే రాతి గోడలు వేశారు. 1989 నాటికి అవి పూర్తయ్యాయి. ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుక దక్షిణపు గోడ దగ్గర ఆగిపోయింది. వీరాంపట్టినం వైపు బీచ్ ఏటేటా వెడల్పయింది. గోడకు ఉత్తరాన ఉన్న పట్టణానికి ఇసుక రాక తగ్గిపోయింది, పోక మాత్రం ఆగలేదు. జీతం ఆగి ఖర్చులు మాత్రం నడుస్తున్న ఇంటి పరిస్థితే బీచ్‌కూ వచ్చింది.

ఇలా జరుగుతుందని హార్బర్ రూపొందించినవాళ్లకు తెలియక కాదు. దక్షిణాన చేరే ఇసుకను పైపుల ద్వారా ఉత్తరానికి పంపే ఏర్పాటు మొదటి ప్రణాళికలోనే ఉంది. దీన్ని శాండ్ బైపాసింగ్ అంటారు. గోడ ఒకసారి కడితే చాలు, పంపు మాత్రం ఏటా నడవాలి. నడవాల్సినంతగా అది నడవలేదు. పుదుచ్చేరి కథలో మొదటి పాఠం ఇదే అనుకోవచ్చు: కట్టడానికి దొరికినంత సులువుగా నడపడానికి డబ్బు దొరకదు.

బీచ్ సన్నబడుతూ వచ్చి, అలలు రోడ్డు అంచును తాకడం మొదలయ్యాక ప్రభుత్వం అందరూ చేసే పనే చేసింది, రాళ్లు పోసింది. రాళ్లు రోడ్డును కాపాడాయి, అందులో సందేహం లేదు. అయితే బీచ్‌కు మిగిలిన కాస్త ఆశనూ అవే తీసేశాయి. వాలుగా ఉన్న ఇసుక మీదికి ఎక్కిన అల తన శక్తిని మెల్లగా పోగొట్టుకుంటుంది, మోసుకొచ్చిన ఇసుకలో కొంత అక్కడే వదిలేస్తుంది. నిటారుగా ఉన్న రాళ్లను కొట్టిన అల ఆ శక్తిలో చాలా భాగంతో వెనక్కి తిరుగుతుంది. ఆ ఊపుకు రాళ్ల పాదం దగ్గర ఇసుక లేచి లోపలికి పోతుంది, అడుగు లోతవుతుంది. లోతైన నీటిలో ఇంకా పెద్ద అలలు ఒడ్డు దాకా రాగలవు. రాళ్లు జారతాయి, మళ్లీ రాళ్లు పోయాలి. రాళ్ల టెండర్లకు ముగింపు ఉండకపోవడానికి అసలు కారణం అవినీతి కంటే ముందు భౌతికశాస్త్రమే.

ఇంకో సంగతి. రాతి గోడ ఉన్నంత మేర కోత ఆగినా, గోడ ముగిసిన చోట మొదలవుతుంది. పుదుచ్చేరిలో గోడ ఉత్తరానికి పెరిగినకొద్దీ కోత కూడా దానికంటే ముందు నడిచింది. వైతికుప్పం, కురుచికుప్పం, సోలై నగర్ దాటి, చివరికి సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళ్లింది. తందిరాయన్‌కుప్పం, బొమ్మయార్‌పాళయం లాంటి జాలరి పల్లెలకు పుదుచ్చేరి హార్బర్‌తో పెద్దగా సంబంధం లేదు, కానీ కొబ్బరి చెట్లూ ఇళ్లూ సముద్రంలో పడింది అక్కడే. తమిళనాడు వైపు సముద్రంలోకి అడ్డంగా గ్రోయిన్లు, అంటే చిన్న రాతి కట్టలు వేశారు. గ్రోయిన్ కూడా ఒక చిన్న బ్రేక్‌వాటరే. తన దక్షిణాన ఇసుకను పట్టుకుంటుంది, ఉత్తరాన ఉన్న పల్లెకు లేకుండా చేస్తుంది. అలా కోతను ఒక ఊరు పక్క ఊరికి బదిలీ చేస్తూ పోయాయి.

బీచ్ పోతే టూరిస్టులకు పోయేది ఒక సాయంత్రం మాత్రమే. జాలర్లకు అది పనిచేసే చోటు. పడవను లాగి పెట్టుకోవాలన్నా, వల ఆరబెట్టుకోవాలన్నా, చిక్కులు విప్పి కుట్టుకోవాలన్నా, చేపలు ఎండబెట్టాలన్నా ఇసుకే కావాలి. ఒడ్డు నుంచి పదుల మంది కలిసి లాగే అలివి వలకైతే బీచ్ లేకపోతే పనే లేదు. రాళ్ల మీద వల లాగలేరు. తీరం పక్కన ఇసుక దిబ్బలు పోతే బావుల్లోకి ఉప్పునీరు చేరడం మరో బెడద. ఇవేవీ రోడ్డు కాపాడటానికి వేసిన అంచనాల్లో కనిపించవు.

లెక్కలు పట్టుకుని తిరిగినవాళ్లు

2007లో పుదుచ్చేరిలో కొందరు పౌరులు కలిసి పాండీక్యాన్ అనే బృందాన్ని ఏర్పాటు చేశారు. సముద్రం ముందుకు వస్తోందన్న ఫిర్యాదు అప్పటికే అందరి నోటా ఉంది. ఈ బృందం అడిగిన ప్రశ్న వేరు: సముద్రం ముందుకు వస్తోందా, లేక ఇసుక రావడం ఆగిపోయిందా? రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, మందు ఒకటి కాదు. మొదటిదైతే గోడ కట్టాలి. రెండోదైతే ఇసుకకు దారి ఇవ్వాలి.

పాత ఫొటోలు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి హార్బర్‌కు దక్షిణాన తీరం ఎంత పెరిగిందో, ఉత్తరాన ఎంత తరిగిందో చూపించారు. ఒక వైపు లాభం, ఇంకో వైపు నష్టం, మధ్యలో గోడ. ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు. అధికారులను కలిశారు, మత్స్యకారులతో కలిసి సమావేశాలు పెట్టారు, కోర్టుల తలుపు తట్టారు. వన్యప్రాణి చిత్రాల దర్శకుడు శేఖర్ దత్తాత్రి వీరితో కలిసి మన దేశంలో కనుమరుగవుతున్న బీచ్‌ల మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. తీరం కోతకు వాతావరణ మార్పే ఏకైక కారణమని చెప్పి ఊరుకునే అలవాటుకు ఆ చిత్రం కొంత అడ్డుకట్ట వేసింది. సముద్ర మట్టం పెరుగుతున్న మాట నిజమే, రాబోయే దశాబ్దాల్లో అది పెద్ద సమస్యే అవుతుంది. కానీ ఏడాదికి మిల్లీమీటర్లలో పెరిగే నీటికి, ఒక్క దశాబ్దంలో మొత్తం బీచ్‌ను తుడిచిపెట్టడం సాధ్యం కాదు.

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేసే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ, చివరికి ఈ పనిని చేపట్టింది. తీర పరిరక్షణకు ప్రయోగాత్మకంగా అది చేసిన రెండు పనుల్లో ఇదొకటి. తమిళనాడులోని కడలూరు పెరియకుప్పం గ్రామం దగ్గర నీటిలో మునిగి ఉండే కట్ట రెండోది.

నీటి అడుగున దిబ్బ

పుదుచ్చేరిలో ఎన్‌ఐఓటీ ఎంచుకున్నది మునిగి ఉండే రీఫ్. ఒడ్డుకు కొంత దూరంలో, సముద్రం అడుగున, వందల టన్నుల బరువుండే త్రికోణాకారపు ఉక్కు నిర్మాణాన్ని 2018లో కూర్చోబెట్టారు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. బీచ్ రోడ్డు అందం చెడదు. రాళ్ల గోడతో పోలిస్తే ఇదొక్కటే పెద్ద మార్పు అనుకునేవాళ్లూ ఉన్నారు, కానీ అసలు తేడా పనిచేసే తీరులో ఉంది.

అల అనేది నీటి పైభాగంలో కనిపించినా దాని కదలిక కిందిదాకా ఉంటుంది. లోతు హఠాత్తుగా తగ్గితే అల కింది భాగం నెమ్మదిస్తుంది, పై భాగం ముందుకు తూలి విరిగిపోతుంది. మామూలుగా ఇది ఒడ్డు దగ్గర జరుగుతుంది. రీఫ్ ఆ పనిని ఒడ్డుకు దూరంగానే జరిపిస్తుంది. అల శక్తి దాని ఎత్తు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చదువుకునే ఉంటాం. అంటే అల ఎత్తు సగానికి తగ్గితే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. రీఫ్ వెనక నీరు అలా కాస్త నెమ్మదిస్తుంది. ఏటవాలుగా వచ్చే అలలు రీఫ్ చుట్టూ వంగి రావడం వల్ల, తీరం వెంబడి ఇసుకను తోసే బలం కూడా ఆ నీడలో తగ్గుతుంది. పరుగెత్తే నీరు మోసే ఇసుకను నెమ్మదించిన నీరు మోయలేదు, దించేస్తుంది. చెరువులోకి చేరగానే వాగు ఒండ్రు వదిలేయడం లాంటిదే.

గమనించాల్సిన విషయం ఒకటుంది. రీఫ్ ఇసుకను పుట్టించదు. వచ్చిన ఇసుకను కొంచెం ఎక్కువసేపు నిలబెడుతుంది, అంతే. అందుకే దానితో పాటు హార్బర్ ముఖద్వారంలో తవ్వి తీసిన ఇసుకను ఊరి ముందు పోశారు. ఈ రెండూ కలిస్తేనే బీచ్ వచ్చింది. జనం చూసింది బీచ్‌ను. పత్రికల్లో పేరొచ్చింది రీఫ్‌కు. డ్రెడ్జర్ పైపును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అసలు మేత వేస్తున్నది ఆ పైపే. హార్బర్‌లో పూడికతీత ఆగిన ఏడాది బీచ్‌కు మేత ఆగినట్టే. తిరిగొచ్చిన ఇసుక ఆ తర్వాత కొన్ని కాలాల్లో పెరుగుతూ, కొన్ని కాలాల్లో తరుగుతూ రావడానికి కారణం ఇదే.

మూడు రోజుల దిబ్బ

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వాలు కదలకపోతే ఊరివాళ్లే చందాలు వేసుకుని బీచ్ తెచ్చుకోలేరా? అమెరికాలో ఒక ఊరు ఆ పనే చేసింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో సాలిస్‌బరీ బీచ్ అనే చోట తీరం మీద ఇళ్లున్నవాళ్లు సొంత డబ్బు 6 లక్షల డాలర్లు, అంటే దాదాపు 5 కోట్ల రూపాయలు పోగు చేశారు. సుమారు 14 వేల టన్నుల ఇసుక లారీలతో తెప్పించి 2024 మార్చి మొదట్లో ఇళ్ల ముందు దిబ్బ పోయించారు. పని పూర్తయిన మూడు రోజులకు తుపాను గాలులతో పెద్ద అలలు వచ్చాయి. దిబ్బలో సగం కొట్టుకుపోయింది. ప్రపంచమంతా నవ్వుకుంది.

నవ్వడం తొందరపాటే. దిబ్బ పోయింది కానీ వెనక ఇళ్లు పెద్దగా దెబ్బతినలేదు. తన పని తాను చేసిందని ఊరివాళ్లు వాదించారు, ఆ వాదనలో శాస్త్రం ఉంది. తీరంలో ఇసుక దిబ్బ ఉండేదే తుపానుకు బలి కావడానికి. అల శక్తి దిబ్బను తవ్వడంలో ఖర్చవుతుంది, ఆ ఇసుక కొంచెం లోపలికి పోయి నీటి అడుగున మెట్టలా పేరుకుంటుంది, తర్వాతి అలలు ఆ మెట్ట మీదే విరుగుతాయి. సముద్రం శాంతించాక ఆ ఇసుకలో కొంత మెల్లగా ఒడ్డుకు తిరిగి వస్తుంది. కారు ముందు బంపర్ నలిగిందని దాన్ని కొన్నందుకు బాధపడం కదా.

అసలు ఇబ్బంది పరిమాణంలో ఉంది. సాలిస్‌బరీవాళ్లు పోయించిన ఇసుక సుమారు 8 వేల ఘనపు మీటర్లు. పుదుచ్చేరి తీరంలో ఏటా ఉత్తరానికి నడిచే ఇసుకతో పోల్చితే అది ఆరు రోజుల సరుకు. రెండు ఊళ్ల సముద్రాలూ ఒకటి కావు, అయినా స్థాయి అర్థమవడానికి ఈ పోలిక చాలు. 5 కోట్ల రూపాయలు పోగు చేయడం ఏ ఊరికైనా పెద్ద విషయమే. సముద్రానికి అది వారం రోజుల పని కూడా కాదు. పైగా ఆ దిబ్బ వల్ల మేలు జరిగేది చందా ఇచ్చినవాళ్లకే కాదు, ఇవ్వనివాళ్లకు కూడా. పోయిన ఇసుక పక్క ఊరి తీరానికి చేరి వాళ్లకు లాభమూ కావచ్చు. కదిలిపోయే వస్తువును సొంత ఆస్తిగా కొనుక్కోవడం కుదరదు. సాలిస్‌బరీవాళ్లు కూడా చివరికి రాష్ట్ర ప్రభుత్వం వైపే చూడాల్సి వచ్చింది.

అదే దేశంలో నార్త్ కరోలినా రాష్ట్రపు నాగ్స్ హెడ్ పట్టణం వేరే దారి పట్టింది. 2011లో 16 కిలోమీటర్ల మేర సుమారు 35 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను సముద్రం అడుగు నుంచి తోడి బీచ్ మీద పోయించింది. అయిన ఖర్చు దాదాపు 3.6 కోట్ల డాలర్లు. అందులో సుమారు సగం హోటళ్లలో, అద్దె ఇళ్లలో దిగే పర్యాటకుల మీద వేసే పన్నుతో నడిచే కౌంటీ నిధి నుంచి వచ్చింది. మిగతాది పట్టణం అప్పు చేసి ఆస్తిపన్ను ద్వారా తీర్చుకుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు ఎక్కువ పన్ను, దూరంగా ఉన్నవాటికి తక్కువ. బీచ్ వల్ల ఎవరికి ఎంత మేలో అంత వాటా. 2019లో మళ్లీ 30 లక్షల ఘనపు మీటర్లు పోయాల్సి వచ్చింది. అది వైఫల్యమని అక్కడివాళ్లు అనుకోలేదు, రోడ్లకు తారు వేయించినట్టు ఇదీ కొన్నేళ్లకోసారి తప్పని పని అని ముందే లెక్క వేసుకున్నారు.

అయితే నాగ్స్ హెడ్ లాంటి చోట్ల పన్ను కట్టేవి ఖరీదైన విహార గృహాలు. తందిరాయన్‌కుప్పంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటికి ఎక్కువ పన్ను వేస్తే ఆ బిల్లు అందుకునేది చేపల వేటతో బతికే కుటుంబం. కోతకు కారణం వాళ్లు కాదు, హార్బర్ వల్ల లాభపడిందీ వాళ్లు కాదు. కాబట్టి ఆ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోలేం.

హార్బర్ కట్టినవాళ్లదే బాధ్యత అన్న పద్ధతికి నమూనా కోసం అంత దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నంలో 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టినప్పుడు దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడా ఆగింది. ఆ ఇసుకను పట్టుకునేందుకు సముద్రం అడుగున గొయ్యి తవ్వారు. అందులో చేరింది డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు చిమ్ముతారు. ఖర్చు పోర్టు పెట్టుకుంటుంది. సముద్రంలో నిలబడిన ఓడ నుంచి నీళ్లూ ఇసుకా కలిసి వంపు తిరిగి ఒడ్డున పడటం విశాఖవాసులు చూసే ఉంటారు. ఈ ఏర్పాటుకూ లోపాలున్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఆర్కే బీచ్ ఎంతగా కోసుకుపోయిందో తెలిసిందే. అయినా ఐదు దశాబ్దాలుగా ఊరి ముందు బీచ్ అంటూ మిగిలి ఉండటంలో ఆ డ్రెడ్జర్ పాత్ర ఉంది. అక్కడి నుంచి దక్షిణాన కాకినాడ దగ్గర ఉప్పాడలో గోడలు, రాళ్లు, ఇసుక నింపిన జియోట్యూబులు ఒకదాని తర్వాత ఒకటి వేశారు. సముద్రం వాటిని దాటుకుంటూ వస్తూనే ఉంది. ఉప్పాడ సమస్యకు ఒక్క పోర్టునే తప్పుబట్టలేం. ఆ పక్కనే సముద్రంలో కలిసే గోదావరి, 1970లతో పోల్చితే 1990ల చివరికే సగం కంటే తక్కువ ఒండ్రు తెచ్చిపోస్తోంది, మిగతాది ఆనకట్టల వెనక ఆగిపోతోంది. మూలంలోనే ఇసుక తగ్గిన చోట బైపాస్ చేయడానికి కూడా మిగిలేది తక్కువే.

సరిహద్దు దాటే పైపు

పుదుచ్చేరి పరిస్థితికి అన్నిటికంటే దగ్గరి పోలిక ఆస్ట్రేలియాలో దొరుకుతుంది. అక్కడ ట్వీడ్ నది న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల సరిహద్దులో సముద్రంలో కలుస్తుంది. తీరం వెంబడి ఇసుక అక్కడ కూడా ఉత్తరానికే నడుస్తుంది, అది కూడా ఏటా సుమారు 5 లక్షల ఘనపు మీటర్లే. పడవలకు దారి కోసం 1960ల మొదట్లో నది ముఖద్వారం గోడలను పొడిగించారు. ఇసుక న్యూ సౌత్ వేల్స్‌లో ఆగింది, కోత క్వీన్స్‌లాండ్‌కు పోయింది. అక్కడున్నది గోల్డ్ కోస్ట్, ఆ దేశంలోనే పేరున్న పర్యాటక తీరం.

రెండు ప్రభుత్వాలూ కొన్ని దశాబ్దాలు తర్జనభర్జన పడ్డాక ఒప్పందం కుదుర్చుకుని, చట్టం చేసి, ఖర్చు పంచుకున్నాయి. 2001 నుంచి నదికి దక్షిణాన సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద పంపులు నడుస్తున్నాయి. ఇసుకను నీటితో కలిపి తోడి, నది అడుగు నుంచి వేసిన పైపుల్లో ఉత్తరానికి పంపుతున్నాయి. సముద్రం చేయాల్సిన పనిలో మనిషి పెట్టిన అడ్డాన్ని మనిషే పైపుతో దాటిస్తున్నాడన్నమాట. తమాషా ఏమిటంటే, మొదటి సంవత్సరాల్లో పాత బకాయి అంతా ఒకేసారి పంపడంతో కిర్రా అనే బీచ్ మరీ వెడల్పయిపోయింది, ఇసుక ఎక్కువైందని అక్కడివాళ్లు ఫిర్యాదు చేశారు. మన తీరంలో ఏ ఊరైనా అలాంటి ఫిర్యాదు చేసే రోజు వస్తే బాగుండును.

ఇక్కడ పోలిక ఇసుక పరిమాణంతో ఆగదు. పుదుచ్చేరి హార్బర్ కేంద్రపాలిత ప్రాంతానిది, ఉత్తరాన కోసుకుపోతున్న పల్లెలు తమిళనాడువి. ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి ఇంజనీరింగ్ శాఖ వారిది. ఇటువైపువాళ్లు ఊరి ముందు రాళ్లు పోస్తే అటువైపువాళ్లు గ్రోయిన్లు కడతారు. రెండూ నిబంధనల ప్రకారం, ఎవరి పరిధిలో వారు చేసిన పనులే. ఇసుకకు మాత్రం పరిధి లేదు. తీరాన్ని ఊళ్లుగా, రాష్ట్రాలుగా కాకుండా ఇసుక ఒక చోట మొదలై ఇంకో చోట ఆగే ఖండాలుగా చూడాలని తీర శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నది అందుకే. పాండీక్యాన్ లాంటి బృందాలు అడుగుతున్నదీ ఇదే.

సమస్య ఒక్క పుదుచ్చేరిది కాదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో దేశ ప్రధాన భూభాగపు తీరాన్నంతా కొలిచింది. అందులో 33.6 శాతం కోతకు గురవుతోంది, 26.9 శాతం పెరుగుతోంది, మిగతాది స్థిరంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ తీరంలో కోత 28.7 శాతం. పశ్చిమ బెంగాల్‌లో, పుదుచ్చేరిలో సగానికి పైనే. ఇలాంటి పటాల్లో అందరి చూపూ ఎర్రగా గుర్తించిన కోత మీద పడుతుంది. పెరిగే చోట్లను కూడా అంతే శ్రద్ధగా చూడాలి. ఎర్ర గీత పక్కనే పచ్చ గీత కనిపిస్తే, ఆ రెండింటి మధ్య ఏదో కట్టడం ఉందేమో వెతకడం మంచిది.

పదిహేనో ఆర్థిక సంఘం మొట్టమొదటిసారిగా తీరాల, నదీగట్ల కోతకు విడిగా నిధులు సూచించింది. 2021 నుంచి 2026 వరకు కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిలువనీడ పోయినవారి పునరావాసానికి 1,000 కోట్లు. కోతను కూడా విపత్తుగా గుర్తించడం పెద్ద అడుగే. కానీ ఈ మొత్తాన్ని దేశంలోని తీరాలు, బ్రహ్మపుత్ర, గంగ లాంటి నదుల గట్లు అన్నీ కలిసి పంచుకోవాలి. పైగా ఇలాంటి నిధులు ప్రాజెక్టుల కోసం ఇచ్చేవి. ప్రాజెక్టుకు శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, ముగింపు తేదీ ఉంటుంది. రోజుకు 137 లారీల ఇసుకను దాటించే పనికి ముగింపు తేదీ ఉండదు. హార్బర్ ఉన్నంత కాలం అది నడవాలి, కరెంటు బిల్లులాగా.

నిధులు అడిగే పౌరులు కూడా దీన్ని గుర్తుంచుకోవాల్సి వస్తోంది. రీఫ్ కావాలని అడగడం తేలిక, కనిపించే వస్తువు కాబట్టి ఇవ్వడమూ తేలికే. హార్బర్ వార్షిక బడ్జెట్‌లో పూడికతీతకు ఎంత రాశారు, తీసిన ఇసుకను ఉత్తరాన బీచ్ మీద పోశారా లేక దూరంగా సముద్రంలో పారబోశారా, అలా ఎన్ని ఘనపు మీటర్లు అన్నది ప్రతి ఏడాదీ అడుగుతూ ఉండాలి. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఏమీ ఉండదు. సమాచార హక్కు దరఖాస్తులు, కొలతల పట్టికలు, డ్రెడ్జర్ ఎన్ని రోజులు పనిచేసిందన్న లెక్కలు మాత్రమే ఉంటాయి.

ఉత్తరాన తందిరాయన్‌కుప్పానికి ఈ లెక్క ఇంకా చేరలేదు. నగరం ముందు రీఫ్ పట్టుకున్న ఇసుక నిండాకే ఆ పైన మిగిలింది అటు వెళుతుంది. ఆ పల్లెకు రావాల్సిన ఇసుకలో కొంత ఇప్పటికీ వీరాంపట్టినం వైపు, దక్షిణపు బ్రేక్‌వాటర్‌ను ఆనుకుని పేరుకుని ఉంది. రెండు చోట్లకీ మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. దారిలో ఉన్నది ఒక హార్బర్, ఒక రాతి గోడ, ఒక రాష్ట్ర సరిహద్దు.